యాభై హెర్ట్జుల లేతు, అరవై హెర్ట్జుల ఊరు

లేతు అనగానే మనలో చాలామందికి ఇంజనీరింగు మొదటి సంవత్సరం వర్క్‌షాపు గుర్తుకొస్తుంది. ఖాకీ ఏప్రను కట్టుకుని ఫిట్టింగు సెక్షనులో ఇనప ముక్కను పూటంతా ఆకురాయితో రాయడం, కార్పెంట్రీలో కుదరని డవ్‌టెయిలు జాయింటు సందుల్లో రంపపు పొట్టూ ఫెవికాలూ కలిపి కూరి మార్కులు వేయించుకోవడం, ఆ తరవాత జన్మలో మళ్ళీ ఉలి పట్టకపోవడం. నాదీ అదే కథ. ఇరవై ఏళ్ళపాటు కీబోర్డు తప్ప మరో పనిముట్టు ఎరగను. నలభై దాటాక, రియాద్‌లో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కర్ర పట్టాను.

కర్రను గిర్రున తిప్పుతూ దానికి ఉలి ఆనించి గుండ్రంగా మలిచే పనిని ఇంగ్లీషులో ఉడ్‌టర్నింగు అంటారు. మనకి దీనికి చక్కని పాత మాట ఉంది, తరిమెన పట్టడం. తరిమెన అంటే లేతే. పందిరిమంచం కోళ్ళు, బొంగరం, చపాతీ కర్ర, మన చెల్లెళ్ళు ఆడుకున్న లక్కపిడతలు, అన్నీ తరిమెన మీద పుట్టినవే. వడ్రంగంలో మిగతా పనులన్నిటిలోనూ కర్ర కదలకుండా ఉంటుంది, పనిముట్టు కదులుతుంది. ఇక్కడ పనిముట్టు మన చేతిలో నిలకడగా ఉంటుంది, కర్ర తిరుగుతుంది. ప్రమాదం కూడా ఆ తిరిగేదానిలోనే ఉంటుంది. కొత్తగా పట్టేవాళ్ళు మాత్రం ఉలి పదును చూసి భయపడతారు, కర్రను చూసి భయపడరు. నేనూ అంతే.

నా కుడి కనుబొమ్మ మీద ఆరు కుట్లున్నాయి. అవి ఎలా పడ్డాయో లెక్క కట్టి చెబుదామనే ఈ వ్యాసం. లెక్కే ఎందుకంటే, ఆ రోజు నేను అజాగ్రత్తగా ఏమీ లేను. పుస్తకంలో చెప్పిన సూత్రం ప్రకారం వేగం సరిచూసుకునే మిషను వేశాను. ఆ సూత్రం తప్పు కాదు. అందులో నేను వేసిన అంకె తప్పు.

గేటు పక్క గది

సౌదీలో విల్లాల గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. ఇక్కడ చాలా విల్లాలకి ప్రహరీ లోపల, గేటు పక్కనే డ్రైవరు గది అని ఒక చిన్న గది ఉంటుంది. మేము అద్దెకున్న కింది వాటాతోపాటు ఆ గది కూడా మాకే వచ్చింది. మాకు డ్రైవరు లేడు కనక అది నా కార్ఖానా అయింది. నాలుగు గోడలు, ఒక కిటికీ ఏసీ, ఒక ఇనప తలుపు. ఇండియా నుంచి సామాన్లు ఓడలో దమ్మాం రేవుకి వేయించినప్పుడు వాటితోపాటు ఒక చిన్న బెంచి లేతు కూడా తెచ్చుకున్నాను. దాని మోటారు మీద రేకు ముక్క, దాని మీద అంకెలు: 230 వోల్టులు, 50 హెర్ట్జులు, 1440 ఆర్‌పీఎమ్. మూడు మెట్ల పుల్లీ. ఏ మెట్టు మీద బెల్టు వేస్తే కర్ర ఎంత వేగంతో తిరుగుతుందో మూత లోపల అచ్చేసిన అట్ట అంటించి ఉంది: 850, 1400, 2300.

గల్ఫులో ఉన్నవాళ్ళకి వేసవి సంగతి తెలిసిందే. బడులకి సెలవులివ్వగానే పెళ్ళాం పిల్లలు ఇండియా విమానం ఎక్కుతారు. మగవాళ్ళం రెండు నెలలపాటు పచ్చడీ అన్నం తింటూ, ఇంట్లో వాళ్ళుంటే కుదరని సరదాలన్నీ తీర్చుకుంటాం. నా లేతుకి కూడా అదే సీజను. ఆ ఏడాది ఏప్రిల్లో ఊరి నుంచి వస్తూ సూట్‌కేసులో ఒక మామిడి మొద్దు ముక్క తెచ్చాను. పది అంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం. కస్టమ్స్ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు.

జూలైలో ఒక గురువారం రాత్రి. మర్నాడు సెలవు. మొద్దును ఫేస్‌ప్లేటుకి మరలతో బిగించి బయటి వైపు గుండ్రం చేశాను. అంచు దగ్గర గోరు కూడా పట్టనంత సన్నని చీలిక ఒకటి కనిపించింది. సూపర్ గ్లూ రెండు చుక్కలు పోసి, ఆరాక మళ్ళీ వేశాను. లోపలి వైపు తొలవడం మొదలుపెట్టిన పది నిమిషాలకి ఉలి ఒకసారి టక్కున పట్టేసింది. తరవాత నాకు గుర్తున్నది చప్పుడు మాత్రమే. గిన్నె రెండు ముక్కలైంది. ఒకటి ఇనప తలుపుకి తగిలింది. రెండోది నా కళ్ళజోడు అంచుకి, దాని మీద ఉన్న కనుబొమ్మకి తగిలింది. కళ్ళద్దం ఫ్రేములోంచి ఊడి ఎటో పోయింది. ఫేస్ షీల్డు నా వెనక మేకుకి వేలాడుతోంది. ఉక్కగా ఉందని తీసి అక్కడ పెట్టాను.

ఇంట్లో ఎవరూ లేరు. ఏసీ మోతలో పైవాటా వాళ్ళకి నా కేక వినపడలేదు. ఫోను తియ్యబోతే వేలికి నెత్తురు అంటుకుని వేలిముద్ర పట్టలేదు, ఒక కన్ను మూసుకుపోయి పాస్‌వర్డు సరిగా కొట్టలేకపోయాను. చివరికి చొక్కాతో మొహం అదిమి పట్టుకుని గేటు తీసుకుని వీధిలోకి వెళ్ళాను. ఎదురింటి మలయాళీ ఆయన అప్పుడే కారు ఆపుతున్నాడు. ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎముకకి ఏమీ కాలేదు, కంటికి ఏమీ కాలేదు, అర అంగుళం కిందకి తగిలి ఉంటే వేరే మాట అని డాక్టరు చెప్పాడు. రెండు రోజులపాటు మా ఆవిడతో వీడియో లేకుండా మాట్లాడాను. మూడో రోజు దొరికిపోయాను. ఆ సంభాషణ ఇక్కడ రాయడం లేదు.

ఎక్కడ తేడా వచ్చింది

తరిమెన పట్టేవాళ్ళ మధ్య వాడుకలో ఒక సూత్రం ఉంది. కర్ర వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, వేగాన్ని నిమిషానికి చుట్లలో తీసుకుని హెచ్చవేస్తే వచ్చే అంకె ఆరు వేలకీ తొమ్మిది వేలకీ మధ్య ఉండాలి. పది అంగుళాల గిన్నెకి అట్ట మీద ఉన్న 850 చొప్పున 8500 వస్తుంది. హద్దు లోపలే. కాస్త పై అంచుకి దగ్గర, అంతే.

కుట్లు విప్పాక ఒకరోజు అనుమానం వచ్చింది. లేతు మీద చిన్న కర్ర బిగించి, దాని మీద సుద్దతో గీత గీసి, ఫోనులో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషను వీడియో తీశాను. అట్ట చెప్పినట్టు 850 అయితే ఒక చుట్టుకి పదిహేడు ఫ్రేములు రావాలి. నాకు పధ్నాలుగే వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. పధ్నాలుగే. అంటే నిమిషానికి వెయ్యి పైచిలుకు చుట్లు.

కారణం తెలిశాక నా డిగ్రీ మీద నాకే సిగ్గేసింది. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జులు. సౌదీలో 60. ఇండక్షను మోటారు వేగం వోల్టేజి మీద కాక ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. నాలుగు పోళ్ళ మోటారు అక్కడ 1500కి కొంచెం తక్కువగా తిరిగితే ఇక్కడ 1800కి కొంచెం తక్కువగా తిరుగుతుంది. ఇరవై శాతం ఎక్కువ. అట్ట మీద 850 అని ఉన్నది ఇక్కడ 1020. పదితో హెచ్చవేస్తే 10,200. హద్దు ఎప్పుడో దాటేశాను.

మనవాళ్ళంతా ఇక్కడికి వచ్చేటప్పుడు వోల్టేజి గురించి మాత్రం వాకబు చేస్తారు. ఈ దేశంలో పాత ఇళ్ళలో 127 వోల్టుల సాకెట్లూ 220 సాకెట్లూ పక్కపక్కన ఉండేవి. 2010లో 230/400 వోల్టులకి మారాలని ప్రభుత్వం నిర్ణయించింది. కాబట్టి వోల్టేజి గురించి అడగడం సబబే. హెర్ట్జుల గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే ఇండియా మిక్సీ ఇక్కడ తేడా లేకుండా తిరుగుతుంది. మిక్సీలో ఉండేది బ్రష్షుల మోటారు, దానికి ఫ్రీక్వెన్సీతో పెద్దగా పని లేదు. కోయంబత్తూరు వెట్ గ్రైండరు తెచ్చుకున్నవాళ్ళు గమనించి ఉంటారు, అందులో ఉండేది ఇండక్షను మోటారు కాబట్టి రాళ్ళు కాస్త హుషారుగా తిరుగుతాయి. ఇడ్లీ పిండికి ఆ ఇరవై శాతంతో వచ్చే నష్టం ఏమీ లేదు.

మోటారు చూడ్డానికి బాగానే తిరిగిందన్నది ఇంకో చిక్కు. వోల్టేజి అంతే ఉండి ఫ్రీక్వెన్సీ పెరిగితే మోటారు లాగే బలం తగ్గుతుంది. నా లెక్కలో గరిష్ఠ బలం మూడింట రెండు వంతులకి పడిపోయింది. గట్టిగా నొక్కితే కొంచెం మూలుగుతుంది కాబట్టి, పాపం బలహీనమైన మిషను, ఏం ప్రమాదం అనుకున్నాను. బలం తగ్గింది, వేగం పెరిగింది. తలకి తగిలేది వేగం.

ఇరవై శాతమే కదా అనకండి. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 1.2ని 1.2తో హెచ్చవేస్తే 1.44. నలభై నాలుగు శాతం. పది అంగుళాల గిన్నె అంచు 850 దగ్గర గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో పోతుంటే 1020 దగ్గర నలభై తొమ్మిదితో పోతుంది. ఆ వేగంతో ఊడిన అర కిలో ముక్కలో సుమారు 46 జౌళ్ళ శక్తి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, స్పిన్నరు గంటకి 85 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్టు బంతి. హెల్మెట్టు లేకుండా, రెండడుగుల దూరం నుంచి, మొహం మీదకి.

న్యాయంగా ఇంకో లెక్క కూడా చెప్పాలి. వేగం ఒక్కటే గిన్నెను పగలగొట్టలేదు. తిరగడం వల్ల ఆ అంచులో పుట్టే లాగుడు, మంచి కర్ర అడ్డంగా తట్టుకోగల బలంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. నిఖార్సయిన కర్ర 1020 దగ్గర పగలదు, 2000 దగ్గరా పగలదు. పగిలేది చీలిక ఉన్న కర్ర, లోపల బెరడు మడతపడ్డ కర్ర, అతుకు సరిగ్గా పడని కర్ర. వాటికి ఉలి పట్టేసినప్పటి కుదుపు తోడవ్వాలి. నా మొద్దులో చీలిక ఎందుకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఈ ఊరి గాలిలో ఉంది.

కర్ర చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. విశాఖ తీరంలో ఏళ్ళ తరబడి ఆరిన కర్రలో కూడా బరువులో పదమూడు పధ్నాలుగు శాతం నీరు మిగిలే ఉంటుంది. రియాద్‌లో, ఏసీ గదిలో, అది నాలుగైదు శాతానికి దిగాలి. రెండు కిలోల నాలుగు వందల గ్రాముల మొద్దు రెండు వందల గ్రాముల నీళ్ళు వదలాలన్నమాట. మందమైన మొద్దులో పై పొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపలిది ముడుచుకోదు. ఆ లాగులాటలో పై పొర చీలుతుంది. జెద్దా పాతబస్తీ అల్ బలద్‌లో, 2014లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఆ మేడల్లో, చెక్కతో చేసిన పెద్ద పెద్ద రౌషన్ కిటికీలు కనిపిస్తాయి. వాటికి వాడిన టేకు కొంత మన దేశం నుంచే ఓడల్లో వెళ్ళింది. అవి ఎర్రసముద్రం ఒడ్డున, ఉప్పు తేమలో ఉన్నాయి. ఈ నజ్ద్ పీఠభూమిలో మాత్రం పాతకాలం వాళ్ళు దూలాలకీ తలుపులకీ ఇక్కడే పెరిగిన అథల్ కర్ర వాడుకున్నారు. నేను మూడు నెలల్లో మామిడి మొద్దుని ఎడారికి అలవాటు చేద్దామనుకున్నాను.

ఏటికొప్పాకలో చూసినది

మా అత్తగారిది యలమంచిలి. అక్కడికి వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఎంతో దూరం లేదు. లక్క బొమ్మలకి పేరున్న ఊరు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొక్కల నుంచి తీసిన రంగుల్ని అక్కడ మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కుట్లు మానాక ఆ ఏడు చివర్లో సెలవుకి వెళ్ళినప్పుడు నేను ప్రత్యేకంగా వెళ్ళింది బొమ్మలు కొనడానికి కాదు, వాళ్ళ చేతులు చూడటానికి.

వాళ్ళు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సమంగా ఉంటుంది. చేసే వస్తువులు చిన్నవి, గుప్పిట్లో పట్టేవి. రెండంగుళాల బొంగరం 3000 వేగంతో తిరిగినా మన సూత్రం ప్రకారం ఆరు వేలే. ఊడినా అది ఎంతో బరువుండదు. తిరుగుతున్న కర్రకి రంగు లక్క పుల్ల ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. దాన్ని ఎండిన మొగలి ఆకుతో రుద్ది నునుపు చేస్తారు. నేను నా గిన్నెలకి పాత బనియను గుడ్డతో మైనం రుద్దేవాణ్ణి. ఆ గుడ్డ చివర ఒకసారి ఫేస్‌ప్లేటుకి చుట్టుకుని నా వేలిని బెణికించింది. మొగలి ఆకు అయితే ఎక్కడైనా చిక్కుకున్నా పుటుక్కున తెగుతుంది. వేలు వేలి దగ్గరే ఉంటుంది. అప్పటినుంచి నేను గుడ్డ మానేసి వంటింటి కాగితపు టవల్ ముక్క వాడుతున్నాను, అదీ తెగుతుంది కనక.

పూర్వం మోటార్లు లేని రోజుల్లో తాడు చుట్టి ఒకరు లాగుతుంటే కర్ర అటూ ఇటూ తిరిగేది, మరొకరు ఉలి పట్టేవారు. ఉలి పట్టేస్తే తాడు జారుతుంది, లాగే మనిషి ఆగుతాడు. ఎదురుగా ఇంకో మనిషి ఎప్పుడూ ఉంటాడు. ఆ పద్ధతిలో ఉన్న భద్రత అంతా మోటారు రాగానే ఎగిరిపోయింది. మోటారుకి ఉలి పట్టేసిందో వేలు పట్టేసిందో తెలియదు. ఇంట్లో సరదాకి చేసుకునే మనం అందులోంచి రెండో మనిషిని కూడా తీసేశాం.

అక్కడ ఒక పెద్దాయన కర్ర ముక్కని మిషనుకి బిగించే ముందు ఇంకో ముక్కతో కొట్టి విన్నాడు. ఎందుకని అడిగాను. "పలకాల గదా బాబూ. పలకనిది పొయ్యిలోకే" అన్నాడు. నా కనుబొమ్మ చూపించి కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "అంత పెద్దది మేం పెట్టం బాబూ" అన్నాడు. వచ్చాక నా దగ్గర మిగిలిన ముక్కలన్నీ కొట్టి చూశాను. రెండు బొద్దుగా, పగిలిన కుండలా పలికాయి. ఆ రెండూ పారేశాను.

ఇప్పుడు నా గదిలో

ముందు వేగం సంగతి. మోటారు పుల్లీ 60 మిల్లీమీటర్లు ఉండేది. దాన్ని 50కి మారిస్తే లెక్క సరిపోతుంది, హెర్ట్జుల నిష్పత్తి కూడా అదే కదా. రియాద్ పాత సనయ్యాలో, అంటే కార్ఖానాల పేటలో, ఒక పాకిస్తానీ మిషను షాపు ఆయన అల్యూమినియం దిమ్మతో ఒక సాయంత్రంలో చేసిచ్చాడు. "యాభై, అరవై గొడవేనా భాయ్" అన్నాడు నేను చెప్పకముందే. అతని దగ్గరికి మనలాంటి వాళ్ళు చాలామందే వస్తారన్నమాట. ఇప్పుడు అట్ట మీది అంకెలు నిజం. అయినా కొత్త మిషను ఏది ఎక్కడ కొన్నా అట్టని నమ్మకుండా సుద్ద గీతా ఫోనూ పెట్టి ఒకసారి కొలుచుకోండి. లేజరు టాకోమీటరు కొనుక్కున్నా మంచిదే, ఖరీదు పెద్దగా ఉండదు.

మిషను వేసే క్షణంలో ఎక్కడ నిలబడ్డామన్నది చాలా ముఖ్యం. ఊడిన ముక్క ఎటు పడితే అటు పోదు. గిన్నె తిరిగే తలంలోనే, చక్రం అంచు నుంచి బురద చిమ్మినట్టు పోతుంది. ఆ తలం నుంచి పక్కకి జరిగి నిలబడి స్విచ్చు వెయ్యాలి. అమెరికాలో 1986లో మొదలైన వుడ్‌టర్నర్ల సంఘం తన సభ్యులకి పదే పదే చెప్పేదీ ఇదే, దానితోపాటు మొహం మొత్తం కప్పే షీల్డు. మామూలు కళ్ళజోడు రక్షణ కాదు, మనలో సగం మందికి అది ఉంది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. నా ప్లాస్టిక్కు అద్దం పగలలేదు నిజమే, కానీ ఊడి పోయింది. షీల్డు మీద జెడ్ 87 ప్లస్ అన్న గుర్తు ఉందో లేదో చూసుకోండి, ఆ ప్లస్ ఉంటే గట్టి దెబ్బ పరీక్షకి నిలిచిందని అర్థం. అలాంటి షీల్డు కూడా రెండు కిలోల మొద్దుని ఆపలేదు. అందుకే షీల్డు ఉందన్న ధైర్యంతో ఆ తలంలో నిలబడకూడదు.

బరువు అసమంగా ఉన్న మొద్దు సంగతి లెక్కతో చూస్తే భయం వేస్తుంది. మధ్య నుంచి పది సెంటీమీటర్ల దూరంలో ఒక వంద గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. 1020 చుట్ల దగ్గర అది దాదాపు పన్నెండు కిలోల బలంతో ఇరుసును లాగుతుంది, అదీ సెకనుకి పదిహేడుసార్లు దిశ మార్చి. మిషను బల్ల మీద నడవడం మొదలుపెడుతుంది, మరలు వదులవుతాయి. మొద్దు గుండ్రం అయ్యేదాకా అన్నిటికన్నా తక్కువ వేగం, వెనక నుంచి టెయిల్‌స్టాకు ఆసరా. చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూశాకే స్విచ్చు.

ఉలి పట్టేయడాన్ని పూర్తిగా తప్పించలేం, తగ్గించగలం. ఉలిని ముందు ఇనప ఆసరా మీద పెట్టి, ఆ తరవాతే కర్రకి తాకించాలి. ఉలి పదును వెనక ఉన్న ఏటవాలు ముఖాన్ని ముందు కర్ర మీద రాయించి, మెల్లగా పిడి ఎత్తుతూ కోతలోకి దించాలి. తొలిచేకొద్దీ ఆసరాని దగ్గరికి జరుపుకుంటూ ఉండాలి, జరిపేటప్పుడు మిషను ఆపాలి. నిడుపాటి కర్రల్ని గుండ్రం చెయ్యడానికి దోనెలా వంపు తిరిగిన వెడల్పాటి ఉలి ఒకటి సెట్టులో వస్తుంది. దానితో గిన్నెల జోలికి వెళ్ళకండి. అది పిడిలో దూరే చోట సన్నని పట్టీలా ఉంటుంది, గిన్నె అంచు కుదుపుకి అక్కడ విరిగిపోతుంది. నా సెట్టుతో వచ్చిన కాగితంలో ఈ మాట ఎక్కడా లేదు.

బట్టల సంగతి. చేతికి గ్లవుజులు వద్దు. వేడికి, చెత్తకి రక్షణ అనిపిస్తుంది, కానీ చర్మం గీసుకుపోయే చోట గ్లవుజు చెయ్యిని మొత్తంగా లోపలికి లాగుతుంది. ఉంగరం, వాచీ, చేతి తాళ్ళు, పొడుగు చేతులు, ఆడవాళ్ళకి జడ, చున్నీ, ఇవన్నీ ఎవరైనా చెప్పేవే. ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది, అది మన జాతికి ప్రత్యేకం. ఆఫీసు నుంచి రాగానే నేరుగా లేతు దగ్గరికి వెళ్ళి వంగాను. మెడలో ఐడీ కార్డు రిబ్బను. కార్డు గిన్నెకి తగిలి టపటపలాడి తెగింది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. లాగితే విడిపోయే క్లిప్పున్న రిబ్బను అది. లేని రిబ్బన్లు కూడా చాలా కంపెనీలు ఇస్తాయి.

దుమ్ము నెత్తురు చూపించదు కాబట్టి దాన్ని ఎవరూ గాయం అనుకోరు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే కర్ర పొడిని క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది, ముక్కు లోపలి క్యాన్సర్ల విషయంలో. వాళ్ళు చూసింది ఏళ్ళ తరబడి ఫర్నిచరు కార్ఖానాల్లో పీల్చినవాళ్ళని. మనం పీల్చేది అంత కాదు. కానీ రియాద్ వేసవిలో మనం తలుపులన్నీ మూసి ఏసీ వేస్తాం, కిటికీ ఏసీ అదే గాలిని తిప్పి తిప్పి ఇస్తుంది. గరుకు కాగితం పెట్టినప్పుడు లేచే సన్నని పొడి గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి, కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఆయాసం తెప్పిస్తుంది. ఎన్ 95 మాస్కు వాడండి. గడ్డం ఉన్నవాళ్ళకి అది అంచుల దగ్గర సరిగా అతకదు, నేను గడ్డం తీసేశాను. గరుకు కాగితం పనంతా తెల్లవారుజామున తలుపు తెరిచి, ఫాను బయటికి తిప్పి చేస్తాను.

అవిసె నూనె గుడ్డల సంగతి ఒక్క ముక్కలో. ఆ నూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తుంది. ఉండ చుట్టి మూల పడేసిన గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. నలభై అయిదు డిగ్రీల ఊళ్ళో, పొట్టు నిండిన గదిలో ఆ ప్రయోగం వద్దు. నీళ్ళున్న డబ్బాలో ముంచి మూత పెట్టండి.

కర్ర ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతారు. ఇక్కడ అడవి చెట్లు నరకడం నేరం, జరిమానాలు భారీగా ఉంటాయి, ఎడారిలో ఎండిన మోడు కనపడినా చెయ్యి వెయ్యకండి. ఊరు నుంచి తెచ్చుకుంటే మొద్దు కొసలకి మైనం పూసి, ప్లాస్టిక్కు సంచిలో పెట్టి, సంచి మూతి వారానికి కాస్త చొప్పున తెరుస్తూ రావాలి.

ఇక ఒంటరితనం. కార్ఖానా తలుపుకి లోపలి గడియ ఊడబెరికించాను. లేతు వేసే ముందు ఎదురింటి మలయాళీ ఆయనకి ఒక మెసేజీ పెడతాను, ఆపాక ఇంకోటి. గంట దాటితే ఆయన వచ్చి తలుపు తడతాడు. ఒకసారి నేను ఆపి మర్చిపోయి అన్నం తింటుంటే నిజంగానే వచ్చాడు, కూర్చుని పెరుగన్నం తిని వెళ్ళాడు. అంబులెన్సు నంబరు 997 గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ఇంటి చిరునామా అరబ్బీలో దాని కిందే ఉంది, ఫోను లాక్ తియ్యకుండా ఎమర్జెన్సీ కాలు ఎలా చెయ్యాలో కళ్ళు మూసుకుని రెండుసార్లు అభ్యాసం చేశాను. పిల్లలు వచ్చి చూస్తామంటే గోడ దగ్గర, తిరిగే తలానికి దూరంగా ఒక ఎర్ర గీత గీశాను. దాని వెనకే, వాళ్ళకీ చిన్న షీల్డులు పెట్టి. మా అమ్మాయి ఆ గీత మీద బొటనవేలు మాత్రం పెట్టి నన్ను పరీక్షిస్తూ ఉంటుంది. నేను మిషను ఆపేస్తాను.

ఈ మార్చిలో ఇంకో మామిడి మొద్దు తెచ్చాను. ప్రతి శుక్రవారం పొద్దున్న వంటింటి తక్కెడ మీద తూచి ఎక్సెల్లో రాస్తున్నాను. వచ్చిన రోజున 2412 గ్రాములు. కిందటి వారం 2240. ఈ వారం 2236. ఇంకా దిగుతోంది.